క్రోంక్ బాక్సింగ్ జిమ్ మూతపడటానికి రాగి గొట్టాల దొంగతనమే కారణమా?

ప్రశ్న (పడమటిగాలి):

అమెరికాలోని డెట్రాయిట్‌లో మెక్‌గ్రా అవెన్యూ మీదున్న క్రోంక్ రిక్రియేషన్ సెంటర్ గురించి అడుగుతున్నాను. 2006 సెప్టెంబరులో దొంగలు రాగి నీటి గొట్టాలు కోసుకుపోయారు. నవంబరులో నగరపాలక సంస్థ తాళం వేసేసింది. హిల్మర్ కెంటీ, థామస్ హర్న్స్, మిల్టన్ మెక్‌క్రోరీ లాంటి బాక్సింగ్ ఛాంపియన్లు తయారైన చోటు అది. గొట్టాలు పోతే కొత్తవి వేయించుకోవచ్చు కదా? ఇంత పేరున్న జిమ్ ఆ మాత్రం దానికే ఎందుకు ఆగిపోయింది? పాత భవనాల పని తెలిసినవాళ్లు, బాక్సింగ్ నేర్పేవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు (గొట్టాలపని):

ఆ మాత్రం అనుకోకండి. దొంగకు వచ్చేదెంతో, భవనానికి పోయేదెంతో లెక్క వేసి చూడండి. ముప్పావు అంగుళం ‘ఎల్’ రకం (మధ్యరకం మందం) రాగి గొట్టం అడుగుకు 0.455 పౌండ్లు తూగుతుంది. వంద అడుగులు కోస్తే 45 పౌండ్లు. 2003లో టన్ను 2,000 డాలర్ల చుట్టుపక్కల ఉన్న రాగి 2006 మేలో 8,000 దాటింది. తుక్కు కొట్టువాడు పౌండుకు 2 డాలర్లిచ్చినా దొంగకు దక్కేది 90 డాలర్లు. అవే వంద అడుగులు తిరిగి వేయాలంటే పర్మిట్, కూలీ, గోడ పగలగొట్టి పూడ్చడం కలిపి ఖర్చు వేలల్లోకి పోతుంది.

దానితో అయిపోదు. ఇలాంటి దొంగలు వాల్వు కట్టి మరీ కోయరు. మీటరు దగ్గర ఎవరో ఒకరు కట్టేదాకా నీళ్లన్నీ బేస్‌మెంట్‌లోకే చేరతాయి. క్రోంక్‌లో బాక్సింగ్ జరిగేది బేస్‌మెంట్‌లోనే. రింగ్ కింది ప్లైవుడ్ తడిస్తే ఉబ్బి పొరలు విడిపోతుంది, పైనున్న ఫోమ్‌కు బూజు పడుతుంది, కాలు నిలవదు. నీళ్లు లేకపోతే మరుగుదొడ్లు లేవు, అవి లేనిదే పదిమంది వచ్చే భవనం తెరవనివ్వరు. భవనాన్ని వేడిచేసే బాయిలర్‌లో నీటిమట్టం పడిపోగానే కటాఫ్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. డెట్రాయిట్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ 7 సెల్సియస్. వేడి ఆగితే మిగిలిన గొట్టాల్లో నిలిచిన నీరు గడ్డకట్టి అవీ పగులుతాయి.

1920ల నాటి కట్టడాల్లో గొట్టాలకు ఆస్‌బెస్టాస్ చుట్టడం మామూలు. గొట్టం పెరికితే అది చిరిగి, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే పొడిగా రాలుతుంది. లైసెన్సున్నవాళ్లు వచ్చి తీసేదాకా ప్లంబరు లోపల చెయ్యి పెట్టకూడదు. చాలా భవనాల మరమ్మతు ఇక్కడే ఆగిపోతుంది.

తిరిగి వేసేటప్పుడు పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టం వేయాలి, తుక్కులో దానికి పైసా రాదు. కొన్నాళ్లు ఖాళీగా ఉంచక తప్పదంటే వీధి వాల్వు కట్టి, లైన్లన్నీ ఖాళీ చేసి, ట్రాపుల్లో (సింకుల కింది వంపు గొట్టాల్లో) గడ్డకట్టకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ పోయాలి.

జవాబు (ఖజానా):

గొట్టాల లెక్క సరిగ్గా చెప్పారు. కానీ దొంగతనానికి ముందే ఆ సెంటర్ మూసివేత మాట వచ్చింది. కోచ్ ఇమాన్యుయెల్ స్టీవర్డ్ డబ్బు పోగుచేసి నడిపించాలని చూస్తున్న సమయంలోనే ఇది జరిగింది.

1950లో డెట్రాయిట్ జనాభా 18.5 లక్షలు, 2010లో 7.14 లక్షలు. జనం తగ్గారు గానీ ఊరు తగ్గలేదు, అవే 139 చదరపు మైళ్లు. అన్ని వీధులకూ, అన్ని నీటి లైన్లకూ పన్ను కట్టేవాళ్లు సగం కూడా మిగల్లేదు. పెన్షన్లు, అప్పుల వాయిదాలు ఆపడానికి వీల్లేదు కనుక కత్తెర ముందు పార్కులు, ఆటల మీదే పడుతుంది. 2013 జూలైలో నగరం దివాలాకు వెళ్లేనాటికి అప్పు సుమారు 18 బిలియన్ డాలర్లు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. పేరు స్టీవర్డ్‌ది, భవనం నగరానిది. పరాయి భవనంలో బాయిలర్ మార్చడానికి ఏ దాతా డబ్బు పెట్టడు, రేపు తాళం వేస్తే అంతా పోయినట్టే. ఇలాంటి జిమ్ నడిపేవాళ్లు పేరు రాకముందే దీర్ఘకాలపు లీజు రాయించుకోవాలి. పైకప్పు, బాయిలర్, నీటి లైను మరమ్మతు ఎవరిదో అందులో విడివిడిగా ఉండాలి.

జవాబు (ఎడమజాబ్):

మీ ఇద్దరూ భవనం చుట్టూనే తిరుగుతున్నారు. స్టీవర్డ్ 1971లో అక్కడ పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. 1980 మార్చిలో కెంటీ, ఆగస్టులో హర్న్స్ ప్రపంచ టైటిళ్లు గెలిచారు. రెండూ డెట్రాయిట్‌లోని జో లూయిస్ అరీనాలోనే. ఆ తొమ్మిదేళ్ల పని చూడాలి.

హర్న్స్ ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, చేతుల చాపు 78 అంగుళాలు, బరువు తరగతి 147 పౌండ్లు. అమెచ్యూర్‌గా ఎక్కువగా పాయింట్ల మీదే గెలిచేవాడు. ప్రొఫెషనల్‌గా మొదటి 17 పోటీలూ నాకౌట్లే. స్టీవర్డ్ ముందు సరిచేసేది బ్యాలన్స్. పాదాలు నడుము కింద ఉండాలి, జాబ్‌తో (ముందున్న చేత్తో తిన్నగా విసిరే గుద్దుతో) దూరం కొలవాలి, కుడిచేయి భుజం నుంచి తిన్నగా వెళ్లాలి. ముందుకు వాలి కొడితే పొడుగువాడి బలం సగం పోతుంది.

ఆ బేస్‌మెంట్‌లో ఉష్ణోగ్రత కావాలనే 90 ఫారన్‌హీట్ (32 సెల్సియస్) దాటనిచ్చేవారు. ఒళ్లు త్వరగా వదులవుతుంది, అలసటలో కూడా చేతులు పైకి ఉంచడం అలవాటవుతుంది. కాపీ కొట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. లీటరు చెమట అంటే కిలో బరువు. 66.7 కిలోల కుర్రాడికి 2 శాతమంటే 1.3 కిలోలు, ఆ వేడిలో గంటన్నరకే పోవచ్చు. అక్కడి నుంచి కాళ్లు కదలవు, తప్పించుకోవాల్సిన దెబ్బలు తలకు తగులుతాయి. ముందూ వెనకా బరువు తూచండి, 2 శాతం దాటితే స్పారింగ్ (సాధన పోటీ) ఆపండి, తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర దాకా నీళ్లు విడతలుగా తాగించండి.

పడమటిగాలి:

అంటే భవనం పోయినా జిమ్ బతికినట్టేనా?

ఎడమజాబ్:

సగం. పేరు వేరే చోట్లకు మారింది. స్టీవర్డ్ 2012 అక్టోబరులో పోయారు. పద్ధతి ఆయన మేనల్లుడు షుగర్‌హిల్ దగ్గర ఉంది. 2020 ఫిబ్రవరిలో హెవీవెయిట్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ డియోంటే వైల్డర్‌ను ఏడో రౌండులో ఆపినప్పుడు రింగ్ మూలలో కోచ్‌గా ఉన్నది ఆయనే. పోయింది ఆ వీధి పిల్లలకు నడిచి వెళ్లే దూరంలో ఉన్న గది. కారు లేని పన్నెండేళ్ల పిల్లాడు రెండు బస్సులు మారి రోజూ రాడు, వారానికి రెండు రోజులైతే జాబ్ కుదరదు.

గొట్టాలపని:

పాత భవనం సంగతి: 2017లో అందులో మంటలు లేచాయి. తాళం వేసి, వేడి తీసేసి, కాపలా లేకుండా వదిలిన భవనాలకు తరచూ జరిగేదే. కాపలా పెట్టలేకపోతే కనీసం కింది అంతస్తు కిటికీలకు ప్లైవుడ్ బదులు ఇనుప రేకు బిగించండి, ప్లైవుడ్‌ను గడ్డపారతో నిమిషంలో పెకలిస్తారు.