5 నెలలు గరాజులో ఉన్న 1970 ఎంజీబీ: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు

నోవై_పాతబండి:

అందరికీ నమస్కారం. మేముండేది మిషిగన్‌లో, నోవై. మూడేళ్ల కిందట ఒక 1970 ఎంజీబీ కొన్నాను, బ్రిటన్‌లో తయారైన చిన్న స్పోర్ట్స్ కారు. టాపు తీసేసే రకం, ముదురు పచ్చ. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు తగిలితే ఈ బండ్ల అడుగు రేకు మిగలదు. అందుకే నవంబరులో గరాజులో పెట్టి దుప్పటి కప్పేస్తాను. ఏప్రిల్‌లో రెండు మూడు గట్టి వానలు పడి రోడ్లు కడిగాకే బయటికి తీయడం.

పోయిన రెండేళ్లూ ఏ గొడవా లేదు. ఈసారి మొరాయించింది.

పెట్టేముందు ఆయిల్ మార్చాను, 20డబ్ల్యూ-50. ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, అది పాడవకుండా స్టెబిలైజర్ కలిపాను. సీట్ల వెనక ఉన్న రెండు 6 వోల్టుల బ్యాటరీలకు ఛార్జి దిగిపోకుండా మెయింటైనర్ తగిలించాను. ఎయిర్ క్లీనర్ల మూతులకు గుడ్డలు కుక్కడం మాత్రం మరిచిపోయాను. మొన్న విప్పి చూస్తే వెనక క్లీనర్ నిండా పొద్దుతిరుగుడు గింజల తొక్కలు! పక్కింటివాళ్లు పిట్టలకు పెడతారు, ఎలుక వాటిని మోసుకొచ్చి మా బండిలో కాపురం పెట్టింది. అదంతా ఊడ్చేశాను. వైర్లేమీ కొరకలేదు.

శనివారం ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో టీస్పూను ఆయిల్ పోశాను. గంట ఆగి, కాయిల్ వైరు ఊడదీసి, ఆయిల్ ప్రెషర్ సూది లేచేదాకా సెల్ఫ్ కొట్టాను. ప్లగ్గులు బిగించి, చోక్ లాగి నాలుగుసార్లు ప్రయత్నించాను. ఊహూ. స్పార్క్ బాగానే వస్తోంది. మళ్లీ ప్లగ్గులు తీస్తే పొడిపొడిగా ఉన్నాయి, పెట్రోలు వాసనే లేదు.

మా పాప పక్కనే నిలబడి "నాన్నా, ఈసారి టిక్కు టిక్కు అనట్లేదేంటి?" అని ఒకటే ప్రశ్నలు. ఆ టెన్షన్‌లో కసిరాను కూడా. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

స్పీడ్‌బ్రేకర్:

అన్నా, స్టార్టింగ్ స్ప్రే ఒకటి కొనుక్కొచ్చి కార్బొరేటర్లో కొట్టు. దెబ్బకి అందుకుంటుంది.

రాజమండ్రి_అంబాసడర్:

బాబూ, ఆ స్ప్రే జోలికి పోవద్దు. నిమిషం మండి ఆగిపోతుంది, జబ్బు అక్కడే ఉంటుంది. జబ్బేమిటో మీ పాప చెప్పేసింది, మీరే వినలేదు.

ఎంజీబీని నేను ముట్టుకున్నది లేదు. కానీ మీ బానెట్ కింద ఉన్నది మా పాత అంబాసడర్ ఇంజనుకు సొంత తమ్ముడే. మాది 1489 సీసీ, మీది 1798 సీసీ, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్ ఇంజన్లే. అందుకని చనువుగా చెబుతున్నాను.

మీ బండికి ఎస్‌యూ వారి కరెంటు పెట్రోలు పంపు ఉంటుంది, వెనక కుడి చక్రం దగ్గర. తాళం తిప్పగానే అది టిక్కుటిక్కుమని పెట్రోలు లాగుతుంది. కార్బొరేటర్ల ఫ్లోట్ గిన్నెలు నిండాక నెమ్మదిస్తుంది. లోపల పాయింట్లుంటాయి, అవి కలుస్తూ విడిపోతూ ఉంటేనే ఆ చప్పుడు. నెలల తరబడి వాడకపోతే పాయింట్ల మీద మకిలి పట్టి కరెంటు పారదు. తాళం తిప్పి ఉంచి, స్క్రూడ్రైవర్ పిడితో పంపు మీద మెల్లగా రెండు తట్లు తట్టండి. తొంభై పాళ్లు అదే. కదలకపోతే పంపుకు వచ్చే కరెంటు, ఎర్త్ చూసి, ఆ తర్వాత మూత విప్పి పాయింట్లు శుభ్రం చేయండి.

ఒక జాగ్రత్త. ఇంజను తిరగకుండా తాళం ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు కలిసిన చోట ఆగి ఉంటే కాయిల్ కాలిపోయేంత వేడెక్కుతుంది.

హ్యాండ్‌బ్రేక్ లాగి పెట్టలేదు కదా? 2020 లాక్‌డౌన్‌లో నేను అదే పని చేశాను. మా గోదావరి తేమకు వెనక బ్రేకు షూలు డ్రమ్ములకు అంటుకుపోయాయి. జాకీ ఎత్తి, డ్రమ్ము చుట్టూ సుత్తితో తడుతూ ఒక పూటంతా కూర్చున్నాం. అప్పట్నుంచి గేర్లో వేసి చక్రాలకు ఇటుకలు పెట్టడమే.

కోవెంట్రీ_జీటీ:

మాస్టారు చెప్పినదే కరెక్ట్. నాది 1972 ఎంజీబీ జీటీ, గట్టి టాపు రకం. పంపు కొట్టుకోవడం మొదలైందని వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ముందు బానెట్ ఎత్తి కార్బొరేటర్ల దగ్గర చూడండి. ఫ్లోట్ గిన్నె ఎండిపోతే లోపల సూది వాల్వు తెరుచుకున్నచోటే బిగుసుకుంటుంది. అప్పుడు పెట్రోలు ఆగకుండా పొంగుతుంది. ఈ ఇంజనుకు కార్బొరేటర్లూ ఎగ్జాస్టూ ఒకే వైపు, పైగా ఎగ్జాస్ట్ సరిగ్గా కిందనే. గరాజు తలుపు తెరిచి ఉంచండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ఇందులో మొహమాటం వద్దు.

పొంగితే తాళం తీసేసి గిన్నె మీద తట్టండి. వినకపోతే మూతకున్న మూడు స్క్రూలు విప్పి సూది శుభ్రం చేస్తే సరి.

ఇంకోటి, టైర్లు ఎప్పటివో చూశారా? టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని ఉన్న వరుసలో చివరి నాలుగంకెలు: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అరుగుదల చూసి మోసపోకండి, ఈ బండ్ల టైర్లు అరగవు, ఎండిపోతాయి. బ్రేకు ఆయిల్ కూడా గాల్లో తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. ఇక్కడ బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన బండికి మామూలుగా ఏటా ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసేది) అక్కర్లేదు. నేను మాత్రం మానలేదు. నా కంటికి ఆననివి అక్కడ రెండుసార్లు బయటపడ్డాయి.

అసలు నన్నడిగితే ఐదు నెలలు కదలకుండా పెట్టడమే తప్పంటాను. ఉప్పు లేని పొడి రోజు దొరికితే చలికాలమైనా ఇరవై మైళ్లు తిప్పుతాను.

నోవై_పాతబండి:

మాస్టారూ, దండం. రెండో తట్టుకే "టిక్" అంది. కాస్త ఆగి టిక్... టిక్... తర్వాత గబగబా. పాప నావైపు చూసిన చూపు చెప్పలేను.

కోవెంట్రీ మేడమ్ చెప్పినట్టే బానెట్ ఎత్తి ఉంచడం మంచిదైంది. వెనక కార్బొరేటర్ గిన్నె నుంచి పెట్రోలు ధార కట్టింది. వెంటనే తాళం తీసేశాను. తట్టినా వినలేదు, మూత విప్పాల్సి వచ్చింది. సూది చుట్టూ బెల్లంపాకంలా ఏదో జిగురు. దాన్ని తుడిచి, కారిందంతా ఆరాక మళ్లీ ప్రయత్నిస్తే మూడో సెల్ఫ్‌కి అందుకుంది. సిలిండర్లలో పోసిన ఆయిల్ కాలి రెండు నిమిషాలు నీలం పొగ. ఎదురింటాయన కుక్కతో సహా వచ్చి చూసి వెళ్లాడు. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఐడిల్‌లో 20, రేజ్ చేస్తే 60.

హ్యాండ్‌బ్రేక్ వదిలే పెట్టాను. చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. మేడమ్, మీ పొడి రోజుల మాట ఇక్కడ కుదరదు, మార్చి నెలాఖరుకి కూడా రోడ్ల అంచున తెల్లగా ఉప్పు కనిపిస్తుంది.

టైరు అంకెలు చూశాను: 3109. అంటే 2009లో 31వ వారం! రెండేళ్లు వీటి మీదే హైవే ఎక్కానని ఇంట్లో చెప్పలేదు. కొత్తవి, 165 ఆర్14, ఆర్డర్ పెట్టాను. అవి వచ్చేదాకా గరాజు నుంచి డ్రైవ్‌వే చివరికి, మళ్లీ వెనక్కి, అంతే. తాళం తిప్పే పని పాపకిచ్చాను. టిక్కులు నెమ్మదించాక తనే చెబుతుంది, అప్పుడు నేను సెల్ఫ్ కొడతాను.