మన నల్గొండ, పాలమూరులో గాలి కరెంటు గిట్టుబాటవుతుందా?

బత్తాయి తోట (దేవరకొండ):
బోరు కింద బత్తాయి పెట్టాను. మొన్న ఒక ఏజెంటు వచ్చి, పది మీటర్ల స్తంభం మీద చిన్న గాలిమర పెడితే కిలోవాట్ కరెంటు వస్తుందన్నాడు. రెక్కలు తిరిగే చుట్టు రెండు మీటర్ల వెడల్పు. ఆషాఢం గాలికి మా తోటలో పిందె రాలుతుంది కాబట్టి గాలి లేదనలేను. నమ్మొచ్చా? అసలు మన వైపు గాలి కరెంటు పనికొస్తుందా?

మిర్యాలగూడ రైతు:
వద్దన్నా. మోటార్ల లోడ్ ఎక్కువుండేది యాసంగి వరికి, ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడు గాలి అంతంతే. బాగా వీచేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. అవసరం ఒకప్పుడు, కరెంటు ఒకప్పుడు. రాష్ట్రమంతా కలిపినా గాలిమరలు 130 మెగావాట్ల లోపే ఉన్నాయంటే ఊరికేనా? సోలార్ చాలు.

నాగర్‌కర్నూల్ నుంచి:
అన్నా, ఏజెంటు మాట వేరు, జిల్లా సంగతి వేరు.

ముందు ఏజెంటు మాట. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆయన చెప్పిన కిలోవాట్ సెకనుకు 12 మీటర్ల గాలికి వచ్చేది. చెట్ల మధ్య పది మీటర్ల ఎత్తున 4 మీటర్ల గాలి వీస్తే అదే మర 50 వాట్లు ఇవ్వడం కష్టం. 5 హెచ్‌పీ మోటారుకు 3,700 వాట్లు కావాలి. ఆ డబ్బు డ్రిప్‌కు పెట్టుకో.

పెద్ద మరల సంగతి అలా కాదు. నేల, చెట్లు, ఇళ్లు గాలిని ఆపేది కిందనే. 120 మీటర్ల ఎత్తున తెలంగాణలో దాదాపు 25 వేల మెగావాట్లకు అవకాశముందని చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ లెక్కగట్టింది. ఇప్పుడున్న మరల్లో ఎక్కువ భాగం పరిగి చుట్టుపక్కలే, మన పాలమూరు పక్కనే ఉన్నాయి.

యాసంగి గురించి మిర్యాలగూడ అన్న చెప్పింది నిజమే, కాదనను. కానీ జూన్, జూలై చూడండి. మబ్బు పడితే సోలార్ తగ్గుతుంది. కృష్ణకు వరద ఇంకా రాదు, జూరాల, సాగర్‌లలో కరెంటు తీసే నీళ్లుండవు. వాన మొహం చాటేస్తుంది, గాలి మాత్రం దుమ్ము లేపుతూనే ఉంటుంది. నారుమళ్లకు రాత్రీ పగలూ బోర్లే దిక్కు. ఆ రెండు నెలల కరెంటు మనం గాలి నుంచి తీసుకోకుండా బొగ్గు కాలుస్తున్నాం. నాకు బాధ అక్కడే.

మిర్యాలగూడ రైతు:
జూన్ మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. అయినా ఆషాఢం గాలిని మార్చి దాకా దాచలేం కదా! సాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టులో నీళ్లు వెనక్కి తోడి కరెంటు దాచే యూనిట్లున్నా, అవి పూటకు పనికొస్తాయి, సీజన్‌కు కాదు. కాబట్టి ముందు సోలార్, తర్వాతే గాలి.

బత్తాయి తోట (దేవరకొండ):
ఏజెంటుకు వద్దని చెప్పేస్తాను. పెద్ద మరలకు మా గుట్ట మీది భూమి లీజుకు అడిగితే?

నాగర్‌కర్నూల్ నుంచి:
అమ్మొద్దు, లీజుకే ఇవ్వు. మర దిమ్మె, క్రేన్ నిలిచే జాగా, రోడ్డు పోను మిగతాది దున్నుకోవచ్చు. ఏటా లీజు ఎంత పెరగాలో, గడువు తీరాక మర ఎవరు విప్పి తీసుకెళ్లాలో కాగితం మీద రాయించుకో. కాంక్రీటు దిమ్మె తవ్వి తీసే ఖర్చు రైతు మీద పడకూడదు.