కలితార్థమా, కవితార్థమా: దిద్దాలా, వదిలేయాలా?

రావులపాలెం అమ్మాయి:
అందరికీ నమస్కారం. నన్నయ గారు భారతం మొదట్లో చెప్పిన ‘సారమతిం గవీంద్రులు’ పద్యం నిన్నట్నుంచి బుర్ర తినేస్తోంది. ‘ప్రసన్నకథా’ తర్వాత ‘కలితార్థయుక్తి’యా, ‘కవితార్థయుక్తి’యా? నేనొక తెలుగు వెబ్‌సైట్‌కి ఇంటి నుంచే కంటెంట్ ఎడిటర్‌గా పని చేస్తున్నాను. 2027 పుష్కరాల కోసం ఇప్పట్నుంచే వ్యాసాలు రాయిస్తున్నారు. రాజమండ్రి మీద వచ్చిన ఒక వ్యాసం ఈ పద్యంతోనే మొదలవుతుంది. రచయిత పెద్దాయన, ‘కవితార్థ’ అని రాశారు. నా నోటికి ‘కలితార్థ’ అని వస్తోంది. సాయంత్రంలోగా పబ్లిష్ చేయాలి, ఒకటే టెన్షన్. దిద్దాలా, వదిలేయాలా?

తణుకు మాస్టారు:
కలితార్థ. సందేహం దేనికమ్మా? విశ్వనాథ వారు నన్నయ మీద రాసిన విమర్శకి పేరే ‘ప్రసన్నకథాకలితార్థయుక్తి’. పైగా నన్నయ గారు మా తణుకులో యజ్ఞం చేశారని చెప్పుకుంటాం. ఈ ఒక్క విషయంలో మా ఊరి మాట చెల్లనివ్వండి.

ధవళేశ్వరం లాకులు:
యజ్ఞం తణుకులో చేసినా భారతం రాసింది రాజమహేంద్రవరంలోనే కదా మాస్టారూ! విశ్వనాథ వారు ‘కలిత’ అన్న పాఠం ఇష్టపడ్డారంటే ఆయనకది నచ్చిందని అర్థం, రెండోది తప్పని కాదు. మా ఇంట్లో ఉన్న పాత ప్రతిలో ‘కవితార్థ’ అనే ఉంది. కథ, కవిత, అర్థం, మూడూ ఒకేచోట. అందులో లోటేమిటి?

తణుకు మాస్టారు:
లోటు ఉంది. ‘కలిత’ అంటే కూడుకున్నది. కథలోనే అర్థం కలిసిపోయి ఉంటుంది, విడిగా చెప్పక్కర్లేదు. నన్నయ పద్ధతే అది. ‘కవిత’ అని పెట్టారంటే ఆ ముడి ఊడిపోయి మూడు మాటలు వరుసగా నిలబడతాయంతే.

యానాం:
ఛందస్సు పట్టుకుని తేల్చేయవచ్చుగా?

ధవళేశ్వరం లాకులు:
తేలదు. ఉత్పలమాల, భ ర న భ భ ర వ. గొడవంతా 15వ అక్షరం మీద. ‘థాకలి’ అన్నా భగణమే (ఒక గురువు, రెండు లఘువులు), ‘థాకవి’ అన్నా భగణమే. యతి 10వ అక్షరం, ‘సా’కి ‘స’, అదీ సరిపోయింది. ప్రాస రేఫ, దాని జోలి ఎవరికీ లేదు. ఈ కేసులో ఛందస్సు సాక్ష్యం చెప్పదండి.

యానాం:
అయితే రాతగాళ్ళ చలవే అయ్యుంటుంది. తాటాకు మీద గంటంతో గీస్తే ‘లి’, ‘వి’ కలిసిపోయి ఉంటాయి.

తణుకు మాస్టారు:
వ, ప కలుస్తాయంటే ఒప్పుకుంటాను. ల, వ ఎక్కడ కలుస్తాయి బాబూ? ఇది చేతి తప్పు కాదు, నోటి తప్పు. ముందు ‘కవీంద్రులు’ వచ్చింది, ఆ ఊపులో నాలుక ‘కవిత’ మీదికి జారింది. అరుదైన మాట నుంచి తెలిసిన మాటకి జారడం సహజం. తెలిసిన మాటని వదిలి అరుదైనదాని మీదికి ఎవడూ ఎక్కడు.

ధవళేశ్వరం లాకులు:
పండితుడైన రాతగాడు ఎక్కుతాడు. వాళ్ళకి అదే సరదా.

కాకినాడ డెస్కు (రిటైర్డ్):
అమ్మాయి అడిగింది ఒకటి, మీరు మాట్లాడుతున్నది ఒకటి. చూడమ్మా, రచయిత సొంత వాక్యం గాడి తప్పితే దిద్దు, పొడుగైతే కోయి, పేరాలు అటూ ఇటూ మార్చు. అది నీ హక్కు. ఉద్ధరణ (కొటేషన్) జోలికి మాత్రం మూలం చూడకుండా వెళ్ళకు. ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో ఆయన్ని అడుగు. అందులో ‘కవి’ ఉంటే ‘కవి’యే ఉంచి, కలితార్థ అనే పాఠం కూడా ఉందని కింద ఒక ముక్క రాయి. బ్రౌన్ దొరగారు కూడా ఒక్కో కావ్యానికి నాలుగు ఊళ్ళ ప్రతులు తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి పోల్చి చూశాకే శుద్ధప్రతి రాయించేవాడు. చెవికి ఎలా ఉందన్నది ఎవరూ అడగరు.

రావులపాలెం అమ్మాయి:
బాబాయ్ గారూ, బ్రౌన్ దొరకి సాయంత్రం డెడ్‌లైన్ లేదు కదా! పద్యం యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్‌లో వచ్చింది. యూనికోడ్‌లోకి మారిస్తే అరసున్నలు డబ్బాలైపోయాయి, ‘యుక్తి’లో తవత్తు ఎగిరి పక్క అక్షరం మీద కూర్చుంది. అవి సరిచేస్తే ఫోన్‌లో నాలుగు పాదాలూ విరిగి ఎనిమిది లైన్లయ్యాయి. శీర్షికతో ఇంకో తంటా. ఆయన ‘రాజమహేంద్రవరం’ అని పెట్టారు. 2015లో పేరు మారినా జనం వెతికేది ‘రాజమండ్రి’ అనే. అందుకని శీర్షికలో రాజమండ్రి, లోపల ఆయన మాట. దానికే సగం రోజు ఫోన్‌లో బతిమాలాను.

యానాం:
అంటే శీర్షిక ‘ఇతరుల’ కోసం, లోపలిది కవీంద్రుల కోసం. నన్నయ గారు చెప్పిందదే. కవీంద్రులు లోన ఆరసి మేలంటారు, ఇతరులు అక్షరరమ్యత చూసి వెళ్ళిపోతారు.

తణుకు మాస్టారు:
ఆయ్, అక్షరరమ్యతని అంత తేలిగ్గా తీసేయకండి. ‘శారదరాత్రు లుజ్జ్వల’ ఒక్కసారి పైకి చదవండి, అర్థం తెలియనివాడికి కూడా వెన్నెల కనబడుతుంది. ఆయన చివరి పద్యం అదేనంటారు. అరణ్యపర్వం అక్కడ ఆగిపోయింది.

కాకినాడ డెస్కు (రిటైర్డ్):
ఆగిన చోట ఎర్రన అందుకున్నాడు. తన పేరు పైకి రాకుండా, నన్నయే చెబుతున్నట్టు రాజరాజనరేంద్రుడికే అంకితమిస్తూ పూర్తి చేశాడు. ఎడిటర్ అంటే అలా ఉండాలి.

ధవళేశ్వరం లాకులు:
ఎర్రన ఎడిటర్ ఏమిటండీ, ఆయన మహాకవి! తెలుగులో మొదటి ఎడిటర్ నారాయణభట్టు. అర్జునుడికి కృష్ణుడిలా ‘తోడయి నిర్వహింపఁగన్’ అని నన్నయ గారే రాసుకున్నారు. సహాధ్యాయుడు, ఎనిమిది భాషల్లో కవిత చెప్పగలవాడని పేరు.

తణుకు మాస్టారు:
తోడయి ఏం చేశాడో నన్నయ చెప్పలేదుగా. సంస్కృత మూలం ముందేసుకుని ఏది ఉంచాలో, ఏది వదలాలో చెప్పాడని నా నమ్మకం. పద్యం మీద మాత్రం చెయ్యి పెట్టి ఉండడు.

ధవళేశ్వరం లాకులు:
నమ్మకానికేం లెండి. రాజుగారు ఆయనకి నందంపూడి అగ్రహారం ఇచ్చారు, ఆ శాసనం రాసింది నన్నయే. మన కోనసీమలోదే, అంబాజీపేట పక్కన.

రావులపాలెం అమ్మాయి:
ఎడిటర్‌కి ఊరు! నాకు వ్యాసానికి ఇంతని ఇస్తారు, అదీ రెండు నెలలు గుర్తు చేస్తే. సరే, ఆయనకి కామెంట్ పెట్టాను, ఇప్పుడే జవాబొచ్చింది. ఏ ముద్రణా కాదట, బడిలో మాస్టారు చెప్పగా నేర్చుకున్నదట. “మా మాస్టారి నోట ‘కవితార్థ’ అనే విన్నాను. మారిస్తే వ్యాసంలో నా పేరు తీసేయండి” అన్నారు. ‘ప్రసన్నకథా’ దగ్గర ఆపి చుక్కలు పెట్టేద్దామనుకుంటున్నాను.

తణుకు మాస్టారు:
నన్నయ పద్యానికి చుక్కలా! సమాసాన్ని నడిమికి విరుస్తావా తల్లీ? అంతకంటే ‘కవి’ అని వేయడం నయం.

కాకినాడ డెస్కు (రిటైర్డ్):
మాస్టారు కవితార్థకి ఒప్పుకున్నారు, అందరూ చూశారుగా.

తణుకు మాస్టారు:
ఒప్పుకోలేదు. చుక్కల కంటే నయమన్నాను.

ధవళేశ్వరం లాకులు:
‘కవీంద్రులు’ దగ్గర ఆపమ్మా, సమాసం జోలికే వెళ్ళనక్కర్లేదు. అది సరేగానీ మాస్టారూ, పద్యంలో ‘యుక్తిలోనారసి’ని ‘యుక్తిలోన్ + ఆరసి’ అంటారా, ‘యుక్తి, లోన్ + ఆరసి’ అంటారా? యానాం ఇందాక ‘లోన ఆరసి’ అని చల్లగా దాటేశారు, నేనైతే ఒప్పుకోను.