ఏ, ఈ, ఐ, ఓ, యు వరసగా వచ్చే పొడుగు ఇంగ్లీషు మాటలు కావాలి, కొంచెం అర్జెంట్

కడప కారందోశ:
మా పాప ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు మేడమ్ క్లాసులో ఒక ఆట పెట్టిందంట. ఏ, ఈ, ఐ, ఓ, యు ఐదూ ఒకే మాటలో ఉండాలి, అవి ఇదే వరసలో రావాలి, మధ్యలో హల్లులు ఎన్నున్నా పర్లేదు, మాటలో ఎన్ని అక్షరాలుంటే అన్ని మార్కులు. నేను పెద్ద తెలివిగా నెట్‌లో వెతికి, న్యుమోనోఅల్ట్రా అని మొదలవుతుందే, ఆ 45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరు, అది బట్టీ పట్టించాను. రెండు రోజులు ఇంట్లో అదే జపం. తీరా చూస్తే సున్నా! సోమవారం మళ్లీ ఉందంట, నాకే టెన్షన్‌గా ఉంది. డిక్షనరీ ముందేసుకుని మొదటి పేజీ నుంచి చదవాల్సిందేనా, వేరే దారి ఏమైనా ఉందా? బ్రౌన్ దొర లైబ్రరీ మాకు దగ్గరే గానీ, అక్కడికి పోయినా వెతికే పద్ధతి తెలియాలి కదా.

బురుజు నీడ:
ఎడ్యుకేషన్. దీనికింత ఆలోచన ఎందుకక్కా, ఐదూ ఉన్నాయి చూడు. కాలీఫ్లవర్‌లో కూడా ఉన్నాయి, 11 అక్షరాలు, రాత్రికి కూర కూడా అయిపోతుంది.

కడప కారందోశ:
వరస, తమ్ముడూ, వరస! ఎడ్యుకేషన్‌లో ఈ తర్వాత యు వస్తుంది, ఏ దాని వెనక. కూర సంగతి నేను చూసుకుంటాలే.

చాక్‌పీసు:
ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ని, మీ మేడమ్ చేసింది కరెక్టేనమ్మా. ఆ 45 అక్షరాల మాటలో ఐదూ ఉన్నాయి, కానీ ఈ అనేది ఒక్కటే ఒకటి, అదీ మూడో అక్షరంలోనే అయిపోయింది. ఏ ఆ తర్వాతెప్పుడో వస్తుంది. పొడుగు చూసి మోసపోకూడదు. 28 అక్షరాల యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజమ్‌లోనైతే ఓ, యు అసలు లేనే లేవు.

మాటను తోక నుంచి పట్టుకోండి. ఐ, ఓ, యు, ఎస్ అని ముగిసే మాటలు ఇంగ్లీషులో బోలెడు, సీరియస్, ప్రీవియస్ లాంటివి. ఆ తోకతోనే మూడు అచ్చులు వరసలో వచ్చేసినట్టు. ఇక ఆ తోకకి ముందర ఏ, ఆ తర్వాత ఈ ఉన్నవి ఏరుకుంటే చాలు. ఫెసీషస్ దొరుకుతుంది, ఎఫ్ ఏ సీ ఈ టీ ఐ ఓ యు ఎస్, 9 అక్షరాలు, సమయం సందర్భం లేకుండా జోకులేసే రకం అన్నమాట. అబ్‌స్టీమియస్ అయితే 10, తిండీ తాగుడూ మితంగా ఉండేవాణ్ని అంటారు. మీ ఊళ్లో కారందోశ ముందర అలాంటివాడు ఉంటాడో లేదో నాకు తెలియదు.

ఇంకో చిట్కా, చివర ఎల్, వై తగిలించండి. అబ్‌స్టీమియస్‌లీ 12 అవుతుంది, పైగా వైని కూడా అచ్చు అనుకుంటే ఆరూ వరసలోనే ఉన్నట్టు.

టవర్‌క్లాక్ కింద:
సార్ చెప్పింది చేత్తో చేసే పద్ధతి. ఫోన్‌లో అయితే వన్‌లుక్ అనే సైటు ఉంది, అందులో స్టార్ గుర్తు పెడితే 'ఇక్కడ ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చు' అని అర్థం. స్టార్, ఏ, స్టార్, ఈ, అలా ఐదు అచ్చుల మధ్యా, ముందూ, చివరా స్టార్ కొట్టండి అక్కా. మాటల లిస్టు ఎక్సెల్‌లో ఉంటే ఫిల్టర్ దగ్గర కూడా ఇదే పనిచేస్తుంది. ఒక్క తిరకాసు ఏంటంటే, స్టార్‌కి హల్లా అచ్చా అన్న తేడా తెలియదు. శాక్రిలీజస్ అనే 12 అక్షరాల మాట కూడా లిస్టులోకి వస్తుంది, కానీ దాని స్పెల్లింగ్‌లో ఏ తర్వాత ముందు ఒక ఐ దూరి ఉంది, ఆ తర్వాతే ఈ. మేడమ్ గట్టిగా చూసిందంటే కొట్టేస్తుంది. నేనైతే కంప్యూటర్‌లో లైనక్స్‌లో గ్రెప్ అనే వెతికే కమాండ్ వాడి, మధ్యలో అచ్చు కానిదే రావాలని షరతు పెడతా, పాపకి అదంతా అక్కర్లేదులే.

ఊడల మర్రి:
అడ్వెంటీషస్ ఎవరూ చెప్పలేదేంటి! ఏ డీ వీ ఈ ఎన్ టీ ఐ టీ ఐ ఓ యు ఎస్, 12 అక్షరాలు. ఇంటర్ బాటనీలో అబ్బురపు వేర్లు అని చదివిన మాటే, తల్లివేరు నుంచి కాకుండా కాండం నుంచో కొమ్మ నుంచో పుట్టే వేర్లు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశారు కదా, 1989లో గిన్నిస్ బుక్కులో ఎక్కింది, ఆ ఊడలన్నీ అబ్బురపు వేర్లే. ఐ రెండుసార్లు ఉంది నిజమే, కానీ ఆ రెంటి మధ్య వేరే అచ్చు లేదు కాబట్టి వరస చెడదు. సార్ చెప్పిన ఎల్, వై తగిలిస్తే 14.

కడప కారందోశ:
పోయినేడు మర్రిమాను దగ్గర పాప ఊడ పట్టుకుని ఊగిన ఫోటో ఉంది, అది చూపించి చెప్పాను, స్పెల్లింగ్ ఒక్కసారికే వచ్చేసింది. ఐ రెండుసార్లు రావొచ్చా అని రేపు మేడమ్‌ని అడగమన్నా. వద్దంటే అబ్‌స్టీమియస్‌లీ.