అప్‌డేట్: ఎగుడుదిగుడు అంచనా గ్రేడ్లతో ఇంగ్లండ్‌లో లా దరఖాస్తు

ఏ-లెవెల్స్‌లో (ఇక్కడి ఇంటర్ స్థాయి చదువు) చరిత్రకు ఏ-స్టార్, ఇంగ్లిష్‌కు ఏ, గణితానికి మాత్రం సి వస్తాయని టీచర్లు అంచనా గ్రేడ్లు ఇచ్చిన మా అమ్మాయి లా కోర్సుకు ఎలా దరఖాస్తు చేయాలని లోగడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

విశ్వవిద్యాలయ దరఖాస్తులు స్వీకరించే యూకాస్‌లోని ఐదు ఎంపికలనూ ఒకే స్థాయి విశ్వవిద్యాలయాలకు వాడవద్దన్న సూచనే అన్నిటికంటే బాగా పనికొచ్చింది. గణితం టీచరు దీర్ఘకాలం సెలవులో ఉన్న సంగతిని అమ్మాయి దరఖాస్తులో తన గురించి రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంట్‌లో చెప్పుకోకుండా, పాఠశాలవారే తాము పంపే రెఫరెన్సులో (సిఫారసు లేఖలో) రాసేలా కోరాము. అది సాకులా కాక వివరణలా నిలిచిందని నా నమ్మకం. కొన్ని విశ్వవిద్యాలయాలు లా కోర్సుకు అడిగే ప్రవేశ పరీక్ష ఎల్‌నాట్‌లో 42 బహుళైచ్ఛిక ప్రశ్నల తర్వాత 40 నిమిషాల్లో వ్యాసం రాయాలి గనుక, పత్రికా సంపాదకీయాలకు ప్రతివాదన రాయడం సాధన చేసింది.

ఏ-లెవెల్‌లో లా చదవలేదన్న మా బెంగకు అసలు ఆధారమే లేదు. ఏబీబీ (ఒక ఏ, రెండు బి గ్రేడ్లు) షరతుతో ఆఫర్ వచ్చింది. ఆగస్టు ఫలితాల్లో గణితానికి బి రావడంతో సీటు ఖాయమైంది.