‘ఆ కాలమే అలాంటిది’ అన్న జవాబు సరిపోతుందా?

చినవాల్తేరు పాఠకుడు:
లూథర్ మొదలుపెట్టిన ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని గుర్తుచేసుకునే సంస్కరణ దినం సందర్భంగా మా సంఘంలో జరిగిన యువజన బైబిలు తరగతిలో ఒక అబ్బాయి, త్రిత్వ సిద్ధాంతాన్ని కాదన్నందుకు 1553లో జెనీవాలో మైఖేల్ సెర్వెటస్‌ను సజీవంగా దహనం చేశారు కదా, అందులో అక్కడి సంస్కరణ నాయకుడు జాన్ కాల్విన్ పాత్ర ఏమిటని అడిగాడు. సంఘ పెద్ద ఒకరు ‘ఆ కాలమే అలాంటిది బాబూ’ అని తర్వాతి పాఠానికి వెళ్లిపోయారు. అబ్బాయికి తృప్తి కలగలేదు, నాకూ కలగలేదు. అంత పాతకాలపు మనిషిని మన కొలతతో కొలవడం అన్యాయమే కావచ్చు, మరి అసలు కొలతే వద్దనడం న్యాయమవుతుందా?

గాజువాక సోదరుడు:
మనం ఏ కొలతతో కొలుస్తామో అదే కొలతతో మనకూ కొలుస్తారన్నది ప్రభువు మాట, కాబట్టి తొందరపడవద్దని నా మనవి. సెర్వెటస్‌కు ఫ్రాన్సులోని వియెన్‌లో కాథలిక్కులు అప్పటికే మరణశిక్ష ఖాయం చేశారు. అక్కడి చెర నుంచి తప్పించుకునే అతడు జెనీవా చేరాడు. జెనీవాలో శిక్ష విధించింది నగర మండలి, కాల్విన్ కాదు. పైగా దహనం వద్దు, శిరచ్ఛేదం చాలని ఆయన కోరాడు. 1805లో లండన్ మిషనరీ సంఘం తరఫున మన విశాఖకు వచ్చి తెలుగులో సువార్తల అనువాదానికి పూనుకున్న క్రాన్, డెస్ గ్రాంజ్‌లు ఆ సంస్కరణోద్యమానికి వారసులే. పండు తింటూ చెట్టు వేరు తవ్వడం మనకు తగునా?

పాతనగరం విశ్రాంత ఉపాధ్యాయుడు:
గాజువాక సోదరుడు చెప్పినవన్నీ నిజాలే, వాటిని లెక్కలోకి తీసుకోవలసిందే. అయితే సెర్వెటస్ జెనీవాకు వస్తే ప్రాణాలతో వెళ్లనివ్వనని కాల్విన్ తన మిత్రుడు ఫరెల్‌కు 1546లోనే, అంటే ఏడేళ్ల ముందే, ఉత్తరం రాశాడు. జెనీవాలో సెర్వెటస్‌పై ఫిర్యాదు చేసింది కూడా కాల్విన్ దగ్గర పనిచేసే మనిషే. ఇది కాలం రాసిన ఉత్తరం కాదు. 1903లో కాల్విన్ అనుచరులే సెర్వెటస్ చనిపోయిన చోట పశ్చాత్తాప శిల నిలిపి, ఆ తప్పు ఆయన శతాబ్దానిదని దానిమీద చెక్కించారు. మీ సంఘ పెద్ద జవాబు రాతిమీద కూడా ఉందన్నమాట! కానీ ఆ శతాబ్దంలోనే, ఒకప్పుడు జెనీవాలో బడి నడిపిన కాస్టెలియో, మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడడం కాదని, అది మనిషిని చంపడమేనని రాశాడు.

నాకు ఇంకా బరువుగా తోచేది పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు సువార్తికుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ సంగతి. బానిసలను హింసిస్తున్నారని అమెరికా దక్షిణ ప్రాంత యజమానులను 1740లో బహిరంగ లేఖతో గద్దించింది ఆయనే. తర్వాత కొన్నేళ్లకే, తన అనాథాశ్రమం ఖర్చులు గడవాలంటే జార్జియాలో బానిసత్వాన్ని అనుమతించాలని వాదించిందీ ఆయనే. 1751లో ఆ అనుమతి వచ్చేసింది. అప్పట్లో అందరూ అంతేనందామంటే, అదే జార్జియాలోని డేరియన్, ఎబెనేజర్ గ్రామాల క్రైస్తవులు 1739లోనే బానిసత్వం వద్దని అర్జీలు పెట్టారు. అందుకే నేను మన కాలపు కొలత తేను. ఆ మనిషి తన నోట పలికిన మాటను, అతని ఇరుగుపొరుగు పలికిన మాటను పక్కపక్కన పెట్టి చూస్తాను.

గాజువాక సోదరుడు:
కాస్టెలియో ఒంటరి గొంతు, మాస్టారూ. లూథర్‌కు కుడిభుజం వంటి మెలాంక్థన్ అంతటివాడే కాల్విన్‌ను మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. వందమందిలో మనకు నచ్చిన ఒక్కణ్ణి ఏరుకుని తక్కినవారిని దోషులనడం తేలిక కాదా?

పాతనగరం విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఒప్పుకుంటాను. అందుకే కాల్విన్‌కన్నా వైట్‌ఫీల్డ్‌ను కఠినంగా చూస్తాను, ఎందుకంటే ఆయనకు ఎదురుమాట పొరుగూళ్లలోనే వినిపించింది. ఇక పండు, వేరు అన్నారు. అనువాదకులకు మనం పడ్డ రుణం మన ఖాతా. సెర్వెటస్‌కు జరిగింది అతని ఖాతా. మన బాకీ తీర్చడానికి అతని ఖాతా కొట్టివేసే అధికారం మనకు లేదు. అయినా ‘వందమంది’ అన్న లెక్కలో సెర్వెటస్‌ను, వైట్‌ఫీల్డ్ బానిసలను చేర్చారా సోదరా? వారూ ఆ కాలపు మనుషులే.

గాజువాక సోదరుడు:
చేర్చలేదు. ఆలోచించవలసిన మాటే. కాల్విన్ విషయంలో మాత్రం నగర మండలిని మరువవద్దనే ఇప్పటికీ అంటాను.

చినవాల్తేరు పాఠకుడు:
ఇద్దరికీ వందనాలు. వచ్చే ఆదివారం ఆ అబ్బాయి చేతనే 1546 నాటి ఉత్తరం సంగతీ, నగర మండలి తీర్పు సంగతీ రెండూ చదివిస్తాను. సంఘ పెద్దను కూడా కూర్చోమని అడిగాను. వస్తానన్నారు గానీ, ఆరాధనకు ఆలస్యం చేయవద్దన్నారు.