‘లైన్’ ఏ లైన్?

లైన్ అంటే ఏమిటని అడిగితే ఎవరైనా ‘గీత’ అంటారు. కానీ మనం రోజూ అనే లైన్లలో గీత ఎన్నిటికి సరిపోతుంది?

మాట పుట్టింది గీతలోంచి కాదు, నారలోంచి. లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె మొక్క. దాని నార దారం లీనియా. లినెన్ బట్టా, టైలరు జాకెట్టుకు వేసే లైనింగూ ఆ కుదురువే. బట్టలారేసే తాడునూ గాలపు తాడునూ ఇంగ్లిషువాళ్లు ఇప్పటికీ లైన్ అనే అంటారు. ఆ అర్థం మాత్రం తెలుగులోకి రాలేదు. దండెం ఉండగా దాంతో మనకేం పని?

వచ్చిన అర్థాలను నడిపేది మన క్రియలే. జనం లైన్ కడితే వరుస. ఫోన్‌లో లైన్ కలుస్తుంది. దర్శకుడు హీరోకి లైన్ చెబితే అది కథ సారం. ఉద్యోగం మానేసి వ్యాపారంలో దిగినవాడు లైన్ మారాడు. నాయకుడు పార్టీ లైన్ దాటితే షోకాజ్ నోటీసు. ఇక ‘లైన్ వేయడం’ ఉంది చూశారూ, కరెంటువాళ్లు వేస్తే తీగ, కాలేజీ కుర్రాడు వేస్తే సంగతి వేరు!

నాకు బాగా నచ్చేది ‘లైన్ క్లియర్’. ‘నియామకాలకు లైన్ క్లియర్’ అని పత్రికలు రాసేస్తుంటాయి గానీ అది అచ్చంగా రైల్వే మాట. ఒకే ట్రాక్ ఉన్నచోట బండి చేరాల్సిన తర్వాతి స్టేషన్ నుంచి లైన్ క్లియర్ అందితే తప్ప బండిని వదలకూడదు. టోకెన్ పద్ధతిలో దానికి గుర్తుగా డ్రైవరుకు ఓ లోహపు గోళం ఇచ్చేవాళ్లు. పెద్ద రింగు తగిలించిన సంచీలో పెట్టి అందిస్తే, కదులుతున్న ఇంజిన్లోంచే చేయి చాచి అందుకునేవాడు. అడ్డు తొలగింది అనడం కంటే, అవతలివాళ్లు ఒప్పుకున్నారు అనేదే దాని అసలు భావం.

వ్యాఖ్య: బాగుందండీ. మరి ‘క్యూలైన్’ సంగతేమిటి? క్యూ అన్నా లైన్ అన్నా వరుసే కదా. ‘గేటు తలుపు’ లాంటిదేనా? చక్కగా ‘బారు’ అనొచ్చుగా.

జవాబు: ‘బారులు తీరారు’ అని ఇప్పటికీ రాస్తూనే ఉన్నాం. భోజనాల దగ్గర ‘బంతి’ ఉంది, పంక్తికి తద్భవం. క్యూ అనేది ఫ్రెంచిలో తోక. బ్రిటన్‌లో వరుసకు అదే మాట, అమెరికాలో లైన్. రెండూ అతికించేశాం, నిజమే. అయినా అది వట్టి పునరుక్తి కాదనుకుంటాను. తిరుమలలో ‘క్యూలైన్లు ఖాళీగా ఉన్నాయి’ అంటాం. మనుషుల వరుసైతే మనుషులు లేకుండా ఎలా ఉంటుంది? అక్కడ క్యూలైన్ అంటే కమ్మీల మధ్య నడిచే దారి. దానికి ‘బారు’ సరిపోదండీ.